గడప దాకా వచ్చి ఆగిన బడి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల. ఈ మూడు పేర్లు ఒకచోట కనబడితే చదువరులకు వెంటనే స్ఫురించే విషయాలు వేరు. జగిత్యాల అనగానే 1978 సెప్టెంబరు నాటి జైత్రయాత్ర, ఆ మరుసటి నెలలోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం. సిరిసిల్ల అనగానే సాంచెలు, నేతన్నల ఆత్మహత్యలు. కోరుట్ల అనగానే బీడీలు, దుబాయి. నేను ఇక్కడ చెప్పదలచుకున్నది ఆ ఊళ్ళలో బడి చరిత్ర, ముఖ్యంగా బడికి రాని పిల్లల చరిత్ర. చివరకు పై విషయాలన్నీ ఇందులోకి వచ్చి చేరక తప్పదు. పాత కరీంనగర్ జిల్లాలో వేటినీ వేటినుంచీ విడదీసి చెప్పడం సాధ్యం కాదు.

సార్వత్రిక ప్రాథమిక విద్య ఎందుకు ఇంత ఆలస్యమైంది అని అడిగితే మనకు అలవాటైన సమాధానాలు మూడున్నాయి. బడి లేదు, పంతులు లేడు, ఇంట్లో తిండి లేదు. మూడూ నిజాలే. అయితే మా ప్రాంతం విషయంలో ఇంకొక కారణం ఉన్నదని నా నమ్మకం. అది పుస్తకాలలో అంతగా కనబడదు. ఇక్కడ పిల్లల పని ఇంటి లోపల జరిగింది. చట్టమూ, బడీ, లెక్కలు రాసుకునే ఉద్యోగీ, అందరూ ఇంటి గడప దాకా వచ్చి ఆగిపోయారు. ఈ మాటకు ఆధారం చూపాలంటే కొంచెం వెనుకనుంచి రావాలి.

నిజాం రాజ్యంలో చదువుకు మొదటి అడ్డు భాష. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధనా భాషగా స్వీకరించింది. ఒక దేశభాషలో ఉన్నత విద్య అంతా నడపడం ఆనాటికి సాహసమే, దాన్ని తీసిపారవేయరాదు. కానీ ఆ దేశభాష రాజ్యంలో అధికసంఖ్యాకుల భాష కాదు. ప్రాథమిక స్థాయిలో మాతృభాషకు కాగితం మీద చోటున్నా, పై తరగతులకు పోవాలంటే ఉర్దూయే దారి. బడుల పేర్లలోనే ఈ నిచ్చెన కనబడుతుంది. తహ్తానియా, వస్తానియా, ఫౌఖానియా. అరబ్బీలో వాటికి కిందిది, నడిమిది, పైది అని అర్థం. (మా తాతల తరం వాళ్ళు ‘వస్తానియా పాసైన’ అని గర్వంగా చెప్పుకునేవారు. దాని అర్థం ‘నడిమిది’ అని నాకు చాలా కాలం తరువాత గాని తెలియలేదు.)

సర్కారు బడి లేనిచోట ఊరివాళ్ళే ఒక అయ్యవారిని పెట్టుకుని నడుపుకునే ఖానగీ బడులుండేవి. ఇసుకలో ఓనమాలు దిద్దించి, పెద్ద బాలశిక్ష వల్లె వేయించే వీధిబడులు అవే. 1920లలో వచ్చిన నిబంధనల వల్ల అటువంటి బడి పెట్టాలంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అయింది. అప్పటికి నడుస్తున్నవెన్నో మూతబడ్డాయి. అంటే రాజ్యం తాను బడి పెట్టలేదు, పెట్టుకుంటామన్నవాళ్ళను పెట్టుకోనివ్వలేదు. అదే కాలంలో మరొక సంస్థానం, బరోడా, ఏం చేసిందో చూడండి. సయాజీరావు గాయక్వాడు 1893లో అమ్రేలీ ప్రాంతంలో నిర్బంధ ప్రాథమిక విద్యను మొదలుపెట్టి, 1906లో రాజ్యమంతటికీ విస్తరింపజేశాడు. సంస్థానం కాబట్టి సాధ్యం కాలేదనడానికి వీలులేదన్నమాట. బ్రిటిషు ఇండియా సంగతి కూడా ఏమంత గొప్ప కాదు. గోఖలే 1911లో ప్రవేశపెట్టిన ప్రాథమిక విద్యా బిల్లును మరుసటి యేడు సామ్రాజ్య శాసనసభలో 13కు 38 వోట్లతో ఓడించారు.

ఈ నేపథ్యంలో 1935లో సిరిసిల్లలో జరిగిన నాలుగవ నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభను తలచుకోవాలి. అధ్యక్షుడు మాడపాటి హనుమంతరావు. 1930 జోగిపేట సభ నుంచీ ఆంధ్ర మహాసభ అడుగుతూ వచ్చిన వాటిలో ప్రాథమిక విద్యను నిర్బంధం చేయాలనీ, మాతృభాషలో చెప్పాలనీ, ఖానగీ బడుల మీద ఆంక్షలు ఎత్తివేయాలనీ ఉన్నాయి. మాడపాటివారు మాటలతో సరిపెట్టుకున్నవారు కారు. సిరిసిల్ల సభకు ఏడేళ్ళ ముందే, 1928లో, హైదరాబాదు నారాయణగూడలో ఆడపిల్లలకు తెలుగు మాధ్యమంలో బడి పెట్టారు. తెలుగులో చెబుతున్నందుకు దానికి నిజాం ప్రభుత్వ గుర్తింపు దొరకక, ఎక్కడో ఉన్న కర్వే మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధం చేసుకోవలసి వచ్చింది. సొంత ఊళ్ళో సొంత భాషలో ఆడపిల్ల పరీక్ష రాయడానికి పరరాష్ట్రపు విశ్వవిద్యాలయం కావలసి వచ్చిందంటే ఆనాటి పరిస్థితిని గురించి వేరే చెప్పనక్కరలేదు.

అన్నట్టు, సిరిసిల్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. ఆ దగ్గరి హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డి చదువు సిరిసిల్లలోనూ కరీంనగర్‌లోనూ ఉర్దూ మాధ్యమంలోనే సాగింది. తరువాతి కాలంలో తెలుగు కవిగా జ్ఞానపీఠం అందుకున్నారు. ఉర్దూ చదువు ఆయనకు మేలే చేసిందనే వాదం ఉన్నది, గజళ్ళు చూస్తే ఆ వాదాన్ని కాదనలేము. కానీ ఒక సినారె దాటిన గోడను అందరూ దాటగలరని అనుకోవడం పొరపాటు. గోడ ఎత్తు తెలియాలంటే ఇవతల నిలిచిపోయినవారిని లెక్కబెట్టాలి. 1951 జనగణన నాటికి హైదరాబాదు రాష్ట్రంలో అక్షరాస్యులు నూటికి తొమ్మిది మంది.

ఆ మరుసటి ఘట్టం మీకందరికీ తెలిసినదే గనుక త్వరగా దాటేస్తాను. రాజ్యాంగం 45వ అధికరణం పదేళ్ళలోపు, అంటే 1960 నాటికి, పద్నాలుగేళ్ళ లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించడానికి ప్రయత్నించాలన్నది. 1960 వచ్చింది, పోయింది. 1961లో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా చట్టం చేశారు. 1982లో దాని స్థానే మరింత పెద్ద విద్యా చట్టం వచ్చింది. ఆ కాలంలో దేశంలో వచ్చిన నిర్బంధ విద్యా చట్టాలు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. పిల్లను బడికి పంపని తల్లిదండ్రులకు ఉత్తర్వు, అప్పటికీ పంపకపోతే జరిమానా. ఏ ఉద్యోగి మనసొప్పి కూలివాడి మీద జరిమానా వేస్తాడు? వేసినా ఏమి వసూలవుతుంది? నిర్బంధం చట్టపు పేరులోనే నిలిచిపోయింది.

గడువులు మాత్రం కదులుతూ వచ్చాయి. 1986 జాతీయ విద్యా విధానం పద్నాలుగేళ్ళ లోపు పిల్లలందరికీ 1995 నాటికి అన్నది. 1992లో దాన్ని సవరించి ఇరవయ్యొకటో శతాబ్దం రాకముందే అన్నారు. సర్వశిక్షా అభియాన్ 2010 అన్నది. 1986 విధానం తయారైనప్పుడు కేంద్ర మానవ వనరుల మంత్రి మా కరీంనగర్ జిల్లా వంగర వారే, పి.వి. నరసింహారావు. 1971లో ఆయన ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడే నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల మొదలైంది. నవోదయ విద్యాలయాలు ఆ ఆలోచనకు కొనసాగింపు. ఏరి తీసుకున్న పిల్లలకు మంచి బడి ఇవ్వడంలో పి.వి.గారికి ఉన్న శ్రద్ధను నేను గౌరవిస్తాను. ఏరగా మిగిలినవారికి అదే విధానంలో దక్కినది ఆపరేషన్ బ్లాక్‌బోర్డు. కనీసం రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు (వీలైతే అందులో ఒకరు స్త్రీ), కొన్ని బోధనోపకరణాలు. నలభై యేళ్ళ గణతంత్రం తన పల్లె బడికి రెండో గది, రెండో పంతులు కావాలని గుర్తించడం అప్పుడే జరిగిందని గుర్తు పెట్టుకుంటే చాలు.

ఇక మా ఊళ్ళ సంగతి.

పల్లెల్లో మగపిల్లవాడి చదువుకు అడ్డం వచ్చినది జీతం. నేటి అర్థంలో జీతం కాదు. తెలంగాణ పల్లెలో జీతం అంటే ఏడాదికింత అని మాట్లాడుకుని దొర దగ్గరో పెద్దరైతు దగ్గరో పాలేరుగా కుదరడం. తండ్రి చేసిన అప్పుకు పదేళ్ళ కొడుకు పసులు కాయడానికి కుదిరేవాడు. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. కానీ జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలలో ఆ చట్టం చెప్పిన మాటకు ఊరిలో బలం వచ్చినది 1978 ప్రాంతపు రైతుకూలీ ఉద్యమాలతోనే. ఆ ఉద్యమం గురించీ, తరువాతి మూడు దశాబ్దాల హింస గురించీ అభిప్రాయాలు ఎన్నయినా ఉండవచ్చు, ఇక్కడ ఆ చర్చకు దిగను. బడికి సంబంధించినంతవరకు ఒకటి చెప్పవచ్చు. దొర కొట్టంలో పసులకాపరి పని అందరికీ కనబడే పని. కనబడేది గనుక దాని మీద తగాదా పడడానికి వీలయింది. కూలి రేటు అడగడానికీ, పిల్లవాణ్ణి మానిపించడానికీ ఎదురుగా ఒక యజమాని ఉన్నాడు.

ఆడపిల్ల పనికి అటువంటి యజమాని లేడు. ఉన్నా కనబడడు. ఆ పని బీడీ.

బీడీ సంగతి తెలియనివారి కోసం కొంత వివరిస్తాను. తునికాకు మన అడవులది. పొగాకు గుజరాత్ నుంచీ కర్ణాటకలోని నిపాణీ వైపునుంచీ వస్తుంది. కార్ఖానా పేరుతో ఊళ్ళో ఒక అద్దె గది ఉంటుంది, అక్కడ ఠేకేదారు ఆకునూ తంబాకునూ తూచి ఇస్తాడు. ఆడవాళ్ళు ఇంటికి తెచ్చుకుని, రాత్రి ఆకు తడిపి పెట్టి, పొద్దున కొలతకు కత్తిరించి, ఒళ్ళో చాట పెట్టుకుని చుడతారు. చుట్టిన దాని మూతి మడిచి దారం కట్టాలి. ఇరవై అయిదుకొక కట్ట, నలభై కట్టలైతే వెయ్యి. కూలి వెయ్యికింత. ఇచ్చిన ఆకులో చిల్లులూ చినుగులూ పోను వెయ్యి బీడీలు రాకపోతే లోటు ఆకు సొంత డబ్బుతో కొనుక్కోవాలి. తీసుకుపోయిన వాటిలో బాగాలేవని ఠేకేదారు ఏరిపారేస్తే వాటికి కూలి లేదు.

ఈ ఏర్పాటులో కీలకమైన మాట ‘వెయ్యికింత’. గంటకు కూలి ఇచ్చేచోట మనిషి కనబడాలి. వెయ్యికి కూలి ఇచ్చేచోట ఎన్ని చేతులు పడ్డాయో ఎవరూ అడగరు. మూతి మడవడానికి ఆరేడేళ్ళ పిల్ల వేళ్ళు సరిపోతాయి, ఒక విధంగా పెద్దవాళ్ళ వేళ్ళకంటె చురుకైనవి. కాబట్టి ఆ ఇంట్లో ఆ పిల్ల గంటకు ఒక ధర ఉంటుంది, వర్షాకాలమైనా వేసవైనా ఏడాది పొడుగునా ఉంటుంది. సేద్యపు ఇంట్లో నాట్లప్పుడు, కోతలప్పుడు పిల్ల బడి మానుతుంది, ఆ తరువాత మళ్ళీ పోతుంది. బీడీకి సీజను లేదు. ఫీజు లేని సర్కారు బడి ఆ ఇంటికి ఉచితం కాదు. పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా పిల్ల బడిలో కూర్చుంటే ఎన్ని కట్టలు తగ్గుతాయో తల్లికి వేళ్ళ మీద లెక్క.

ఇప్పుడు చట్టం చూడండి. బీడీ, చుట్ట కార్మికుల చట్టం 1966లో వచ్చింది. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను ‘పారిశ్రామిక ఆవరణ’లో పని చేయనివ్వకూడదని అది శాసించింది. ఆ ఆవరణకు ఇచ్చిన నిర్వచనంలోనే ‘నివాస గృహం కానిది’ అనే మాట ఉన్నది. ఇరవై యేళ్ళ తరువాత 1986లో బాల కార్మిక నిషేధ, క్రమబద్ధీకరణ చట్టం వచ్చింది. పిల్లలకు నిషిద్ధమైన పనుల జాబితాలో బీడీల తయారీని స్పష్టంగా చేర్చింది. చేర్చి, అదే చట్టం మూడవ సెక్షనులో, కుటుంబసభ్యుల సాయంతో పని జరిపించుకునేచోట ఈ నిషేధం వర్తించదని మినహాయింపు ఇచ్చింది. రెండు చట్టాలు, రెండు దశాబ్దాలు, రెండూ గడప దగ్గరే ఆగాయి. గడపకు అవతల కార్ఖానాలో పని చేసే పిల్లలు మా ఊళ్ళలో ఎంతమంది? అక్కడ తూకం వేసే ఠేకేదారూ, కట్టలు సరిచూసే చాటన్‌వాళ్ళూ, ప్యాకింగ్‌వాళ్ళూ, అందరూ పెద్దవాళ్ళే. పని అంతా ఇళ్ళల్లోనే.

నేను పుట్టి పెరిగినది కోరుట్లలో, అటువంటి ఒక ఇంట్లోనే. బీడీల పుస్తకం, పి.ఎఫ్. కార్డు మా అమ్మ పేరున ఉండేవి. (బీడీ కార్మికులకు భవిష్యనిధి వర్తింపజేసినది 1977లో. మా వాడలో దాన్ని ఆస్తిపత్రంలా చూసుకునేవారు.) కార్డు ఒకటి, చేతులు మూడు జతలు. అమ్మ, పెద్దక్క, చిన్నక్క. పెద్దక్క అయిదో తరగతి తరువాత బడికి పోలేదు. పోలేదని అన్నానే గాని ఆమె పేరు మరి కొంతకాలం హాజరుపట్టీలో ఉన్నది. పట్టీలో పిల్లల సంఖ్య తగ్గితే ఒక పంతులు పోస్టు పోతుంది. కాబట్టి బడికి రాని ఆడపిల్లలు ఎందరో అక్కడ వరసగా హాజరవుతూ, పై తరగతికి పోతూ ఉండేవారు. ఆ బడి ఏదో చెప్పను, అప్పట్లో అదొక్కటే అలా ఉండేది కాదు.

అంటే మా పెద్దక్క రెండు పట్టీలలో తప్పుగా నమోదయింది. బడి పట్టీలో ఉన్నది గాని బడిలో లేదు. పనిలో ఉన్నది గాని పని పుస్తకంలో లేదు. ఈ రెండు పట్టీలనూ ఒక బల్ల మీద పెట్టి చూసిన ప్రభుత్వోద్యోగి ఎవరైనా ఉన్నారా అని నాకిప్పటికీ అనుమానమే. విద్యాశాఖ ఒకటి చూసుకునేది, కార్మిక శాఖ ఇంకొకటి చూసుకునేది.

నేను సాయంత్రం ఇంటికి రాగానే పెద్దక్క నా తెలుగు వాచకం ముందు పెట్టించుకునేది. చేతులు చాటలోనే ఉండేవి. “నువ్వు మూతులు ముడువురా, నేను అప్పజెప్పించుకుంట” అనేది. నేను తప్పు చదివితే తల ఎత్తకుండానే దిద్దేది. ఆ లెక్కన ఆమె ఏడో తరగతి దాకా తెలుగు చదివినట్టే, పరీక్ష రాయలేదు గాని. పెళ్ళి సంబంధం వచ్చినప్పుడు అవతలివారు అడిగిన మొదటి ప్రశ్న “పిల్లకు బీడీలు వస్తయా?” అని. ఇది మా ఇంటి వింత కాదు. ఆ వాడలలో బీడీలు వచ్చిన పిల్లకు, ముఖ్యంగా కార్డు ఉన్న పిల్లకు, కట్నం బేరంలో కొంత వెసులుబాటు ఉండేది. ఎన్నో తరగతి అని అడిగినవారు తక్కువ. చదువు విలువ ప్రజలకు తెలియదని నగరంలో కూర్చుని అనేవారికి ఈ లెక్క తెలియదు. 1999లో వచ్చిన ప్రోబ్ నివేదిక ఉత్తరాది రాష్ట్రాలలో తిరిగి, పేద తల్లిదండ్రులు పిల్లల చదువును గట్టిగా కోరుకుంటున్నారని తేల్చింది. మా అమ్మ కూడా కోరుకున్నది. ముగ్గురు పిల్లలలో ఎవరి గంటలు వదులుకోగలనో చూసుకుని, నావి వదులుకున్నది.

సిరిసిల్లలో ఇదే కథ నూలుతో నడిచింది. చేనేత పోయి సాంచెలు వచ్చిన తరువాత, సేటు నూలు ఇస్తాడు, ఆసామి నాలుగో ఎనిమిదో సాంచెలు పెట్టుకుని గజానికింత అని బట్ట నేయించి ఇస్తాడు, కార్మికుడు ఆసామి దగ్గర షిఫ్టు పని చేస్తాడు. షెడ్డు చిన్నది, చాలాసార్లు ఇంటినే ఆనుకుని ఉంటుంది. ఫ్యాక్టరీల చట్టానికి అందనంత చిన్నది. కండెలు చుట్టడం ఆడవాళ్ళదీ పిల్లలదీ. ఇక్కడా కూలి కండెలకే గాని మనిషికి కాదు. భీవండి, షోలాపూర్, సూరత్‌లకు వలసపోయిన పద్మశాలి కుటుంబాలదీ అదే బతుకు. బొంబాయి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు నడిపింది కాబట్టి అక్కడ కొందరు పిల్లలు తెలుగులోనే చదువుకోగలిగారు. సగం ఏడు సిరిసిల్లలో, సగం ఏడు భీవండిలో ఉండే పిల్లలకు మాత్రం ఏ బడీ పూర్తిగా తమది కాలేదు.

ఈ సమస్యను ప్రభుత్వం పూర్తిగా చూడలేదని అనడం అన్యాయం. చూసి వెతికిన మందు అనియత విద్య. 1979-80 నుంచి ఆంధ్రప్రదేశ్‌తో సహా వెనుకబడిన రాష్ట్రాలలో దాన్ని నడిపారు. పని చేసే పిల్లలకు సాయంత్రమో రాత్రో రెండు గంటల చదువు. ఆలోచన దయగలదే. కానీ అది పనిని కదల్చకుండా చదువును పక్కన జరిపింది. పగలంతా చాట ముందు వంగి కూర్చున్న పిల్ల రాత్రి లాంతరు ముందు ఏమి చదువుతుంది? రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి పని చేసిన ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్, శాంతా సిన్హా నాయకత్వాన, దీన్ని తలకిందులు చేసింది. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే, ఇంట్లో చేసినా పొలంలో చేసినా ఒకటే అన్నది వారి సూత్రం. పిల్లల్ని పనిలోంచి తీసి శిబిరాలలో కొన్ని నెలలు ఉంచి, వయసుకు తగిన తరగతిలో చేర్చే పద్ధతి వారిదే. 2003లో ఆమెకు మెగసెసే పురస్కారం వచ్చింది. ఆ నిర్వచనంలో నాకు నచ్చినది ఒకటే, అది గడప దాటింది. ‘పని’ అంటే ఏమిటో, ‘ప్రమాదకరం’ అంటే ఏమిటో తేల్చే బాధ్యతను పక్కనబెట్టి, పిల్ల బడిలో ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్న అడిగింది. ఆ ప్రశ్నకు ఇంటి లోపలికి చూడకుండానే సమాధానం చెప్పవచ్చు.

నాకు పూర్తిగా ఒప్పుదల కానిది కూడా ఉన్నది. పేదరికం అడ్డు కాదని చెప్పడంలో ఒక తొందర ఉన్నది. అమెరికన్ పండితుడు మైరన్ వీనర్ 1991లో అచ్చయిన పుస్తకంలో, భారతదేశంలో పిల్లలు పని చేయడానికి కారణం పేదరికం కన్నా మన పాలకవర్గాల మనస్తత్వమేనని వాదించాడు. కూలివాడి పిల్లకు ఈ చదువు చాలులే అన్న మనస్తత్వం. 1986 చట్టంలోని మినహాయింపును చదివితే ఆయన చెప్పింది నిజమనిపిస్తుంది. వెయ్యి బీడీల కూలిని చూస్తే ఆయన మా ఇంటికి రాలేదనిపిస్తుంది. కూలి రేటు పెరిగితే పిల్ల చేతులు అక్కరలేకుండా పోతాయి. కనీస వేతనం విద్యా సమస్య కూడానని విద్యాశాఖవారెవరూ అన్నట్టు నేను వినలేదు.

1996లో జిల్లా ప్రాథమిక విద్యా పథకం, అందరూ డి.పి.ఇ.పి. అని పిలిచినది, రాష్ట్రంలో మొదట ప్రవేశపెట్టిన అయిదు జిల్లాలలో కరీంనగర్ ఒకటి. డబ్బు బ్రిటిషు ప్రభుత్వ సహాయం. కొత్త గదులు వచ్చాయి, ఆవాసానికి దగ్గరగా బడులు వచ్చాయి, ఊరి విద్యా కమిటీలు వచ్చాయి. ఎక్కువమంది పొగడని ఒక చిన్న ఏర్పాటు నాకు మిక్కిలి విలువైనదిగా తోస్తుంది. అయిదేళ్ళ లోపు పిల్లల కేంద్రాలను బడి పక్కనే పెట్టడం. చంకలో చెల్లెలు ఉన్న పిల్ల బడికి ఎలా వస్తుంది? చెల్లెలు కూడా ఆ ఆవరణలోనే ఉంటే వస్తుంది. మధ్యాహ్న భోజనమూ అంతే. 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశం, 2003 జనవరి నుంచి రాష్ట్రంలో వండిన అన్నం. ఒక పూట అన్నం అంటే ఇన్ని కట్టల బీడీలు అని తల్లి లెక్కలో అది వెంటనే చేరిపోతుంది. ఇటువంటివే ఇంటి లెక్కను నిజంగా మార్చిన పనులు. ప్రాథమిక విద్య హక్కేనని 1993లో సుప్రీంకోర్టు తేల్చిన ఉన్నికృష్ణన్ కేసు కూడా మన రాష్ట్రంతో తగాదాయే. అయితే ఆ కేసు బడి గురించి రాలేదు, వైద్య, ఇంజనీరింగు కాలేజీల కాపిటేషన్ ఫీజు గురించి వచ్చింది. డాక్టరు సీటు తగాదాలో ఒకటో తరగతి పిల్లకు హక్కు దొరకడం విచిత్రమే. అది 2002లో రాజ్యాంగ సవరణగా, 2009లో విద్యాహక్కు చట్టంగా మారింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. రాజ్యాంగం పెట్టిన గడువుకు యాభై యేళ్ళ తరువాత.

ఈలోగా గల్ఫ్ డబ్బు ఇంకొక మార్పు తెచ్చింది. తండ్రి దుబాయిలోనో మస్కట్‌లోనో, తల్లి ఇక్కడ చాట ముందు, కొడుకు ఇంగ్లీషు మీడియం బడి వ్యానులో. బిడ్డ సర్కారు బడిలో. ఒకే ఇంట్లో రెండు బడులు. మా తరంలో ఒకరికి బడి, ఒకరికి చాట. తరువాతి తరంలో ఇద్దరికీ బడి, కానీ ఒకే బడి కాదు. దీన్ని పురోగతి అనవచ్చునా అంటే అనవచ్చు. ఆ సర్కారు బడి నుంచి డిగ్రీ దాకా పోయిన పిల్లలు మా వాడలో ఉన్నారు, వాళ్ళలో మా పెద్దక్క కూతురు ఒకతె.

అంకెలు కూడా కదిలాయి. కరీంనగర్ జిల్లాలో అక్షరాస్యత 1991లో 37.17 శాతం, 2001 నాటికి దాదాపు 55, 2011లో 64.15. తొంభైల దశాబ్దపు దూకుడు ఎంతో గమనించండి. అయితే 2011లో మగవారిలో 73.65, ఆడవారిలో 54.79. ఆ పంతొమ్మిది శాతం తేడాలో ఎక్కువ భాగం అప్పటికే పెద్దవాళ్ళయిపోయిన ఆడవాళ్ళది, చాట ముందు పెరిగిన తరానిది. జనగణనలో అక్షరాస్యత అంటే ఏడేళ్ళు దాటినవారు ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం. పరీక్ష ఏమీ పెట్టరు, ఇంట్లో ఉన్నవారు చెప్పినది రాసుకుంటారు. 2011లో మా బావ గారింటికి లెక్కలవారు వచ్చినప్పుడు పెద్దక్కను గురించి ఏం చెప్పారని అడిగాను. “చదువు రాదని రాయించిన” అన్నారు బావ. వాచకమంతా ఆమెకు నోటికొచ్చిన సంగతి ఆయనకు తెలియదు.

2015లో తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు 1000 రూపాయల భృతి మొదలుపెట్టింది. 2019లో దాన్ని 2016 రూపాయలు చేశారు. అర్హతకు ఆధారం పి.ఎఫ్. కార్డు. కార్డు మా అమ్మ పేరున ఉన్నది కాబట్టి అమ్మకు వచ్చింది. పెద్దక్కకు పెళ్ళయిన తరువాత అత్తగారింట్లో సొంత కార్డు అయింది కాబట్టి ఆమెకూ వచ్చింది. చిన్నక్క పన్నెండేళ్ళు అమ్మ కార్డు మీద చేసి, పెళ్ళయి బీడీలు లేని ఊరికి పోయింది. ఆమె పేరు ఏ పుస్తకంలోనూ లేదు.